దీర్ఘరోగం ఉన్నవాళ్లు రోజువారీ లక్షణాల పుస్తకం రాసుకోవడం ఎలా?

షుగరు, బీపీ, కీళ్లవాతం, ఆస్తమా, మైగ్రేన్, మూర్ఛ లాంటివి ఏళ్ల తరబడి వెంట ఉండే రోగాలు. అవి ఉన్నవాళ్లూ, ఇంట్లో అలాంటివాళ్లను చూసుకునేవాళ్లూ నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "డాక్టరు రోజూ రాసుకోమన్నడు. ఏం రాయాలె, ఎట్ల రాయాలె?" ఇంకొందరిది ఫిర్యాదు: "పుస్తకం నిండా రాసుకపోయిన, సారు తెరిచి సూడనే లేదు." నిండా రాయడం వల్లే చూడలేదు. రోజుకు రెండు నిమిషాల్లో అయిపోయేంత తక్కువ రాసి, దవాఖానకు పోయే ముందు దాన్ని ఒక్క పేజీకి కుదించి ఇస్తే ఏ డాక్టరైనా చూస్తాడు.

వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి ఓపీ అయినా, హన్మకొండలో ప్రైవేటు క్లినిక్ అయినా లోపలికి పోయాక మనకు దొరికేది కొద్ది నిమిషాలే. "ఎట్లుంది?" అంటే "గట్లనే ఉంది సార్" అనేసి బయటికొస్తాం. ఆ పూట నొప్పి తక్కువుంటే నెలంతా బాగున్నట్టే అనిపిస్తుంది, ఎక్కువుంటే నెలంతా నరకంలాగే గుర్తొస్తుంది. పుస్తకం ఉంటే ఆ ఒక్క పూటను చూసి మందు మార్చే అవసరం రాదు.

ముందు ఒక హెచ్చరిక. ఈ కిందివి కనిపిస్తే పుస్తకం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి: ఛాతీలో బరువుగా నొప్పి, చెమటలు, మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఒక వాక్యం కూడా పూర్తిగా చెప్పలేనంత ఆయాసం, 5 నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్, స్పృహ తప్పడం. ఎన్ని గంటలకు మొదలైందో మాత్రం గుర్తుపెట్టుకోండి. పక్షవాతానికి ఇచ్చే వైద్యం ఆ గంటల లెక్క మీదే నడుస్తుంది.

కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్. కొత్త సంవత్సరానికి ఎరువుల దుకాణం వాళ్లో, చిట్టీల వాళ్లో ఇచ్చిన డైరీ ఉంటే ఇంకా నయం. తేదీలు అచ్చేసి ఉంటాయి కాబట్టి రాయని రోజు ఖాళీగా కనబడిపోతుంది. పెన్నును దారంతో పుస్తకానికే కట్టేయండి. పెన్ను వెతుక్కోవాల్సి వస్తే ఆ రోజు రాయడం ఉండదు.

గోడకు తగిలించిన తెలుగు క్యాలెండరు. నెలలో కొన్నిసార్లే వచ్చే మైగ్రేన్, ఫిట్స్ లాంటివాటికి పుస్తకం లేకపోయినా ఇది సరిపోతుంది.

రోగాన్ని బట్టి పరికరం: బీపీకి మోచేతి పైన పట్టీ కట్టే డిజిటల్ మిషను (మణికట్టుకు కట్టేవి చెయ్యి కాస్త ఎత్తు మారినా తప్పు చూపిస్తాయి, కొనకండి), షుగరుకు గ్లూకోమీటరు, గుండె లేదా కిడ్నీ సమస్యకు బరువు మిషను, ఆస్తమాకు డాక్టరు చెబితే పీక్ ఫ్లో మీటరు (ఊపిరి ఎంత గట్టిగా ఊదగలుగుతున్నారో కొలిచేది). అందరికీ ఒక థర్మామీటరు.

రిపోర్టులు, పాత చీటీలు, ఖాళీ గోలీల పట్టీలు దాచుకోవడానికి జిప్పున్న ప్లాస్టిక్ కవరు.

ఫోన్‌లో యాప్‌లు కూడా ఉన్నాయి. అలవాటున్నవాళ్లు వాడుకోవచ్చు. నేను మాత్రం కాగితమే మంచిదంటాను. ఫోన్ మనవడి చేతిలో ఉంటుంది, చార్జింగ్ ఉండదు, డాక్టరు ముందు తెరిచేసరికి ఏదో ప్రకటన వస్తుంది.

1. మొదటి పేజీ గట్టిగా నింపండి

పేరు, వయసు, ఏ రోగం ఏ ఏడు నుంచి, అయిన ఆపరేషన్లు, ఏ మందు పడదు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. ఇవి సులువే. గోలీల జాబితా దగ్గరే అసలు పని.

"పొద్దున తెల్ల గోలీ, రాత్రి గులాబి గోలీ" అని రాయకండి. పట్టీ వెనుక చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. దాన్నే చూసి రాయండి. కంపెనీ పెట్టిన పెద్ద పేరు పక్కన బ్రాకెట్లో రాసుకుంటే చాలు. ఎందుకంటే ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు. జన్ ఔషధి దుకాణంలో ఒక పేరుతో తెచ్చుకున్న బీపీ గోలీ, వేరే డాక్టరు రాసిన ఇంకో పేరు గోలీ రెండూ ఒకే మందు కావచ్చు. తెలియక రెండూ మింగితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. జాబితాలో అసలు పేర్లు ఒకదాని కింద ఒకటి రాస్తే ఈ తప్పు అక్కడే దొరుకుతుంది.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకుంటారో (సోమవారమా, మంగళవారమా) ఆ రోజు పేరు ఎర్ర పెన్నుతో మొదటి పేజీలో రాయండి. ఇంట్లో గోలీలు అందించేవాళ్లకు కూడా చెప్పండి.

2. ఈ పుస్తకంతో ఏం తెలుసుకోవాలో ఒక్క వాక్యంలో రాయండి

"కొత్త గోలీ మొదలుపెట్టాక చేతుల నొప్పి తగ్గుతోందా?" "పరగడుపు షుగరు ఎందుకు దిగడం లేదు?" "నెలకు ఎన్ని రోజులు తల పగిలిపోతోంది?" ఇలా ఒక్కటి చాలు. ప్రశ్న లేకుండా మొదలుపెడితే తుమ్ము, తేపు, కల అన్నీ రాసి వారానికే విసుగొచ్చి వదిలేస్తారు. ఏ ప్రశ్న పెట్టుకోవాలో తోచకపోతే ఈసారి దవాఖానకు పోయినప్పుడు డాక్టరునే అడగండి: "సార్, నేను ఏది రాసుకొస్తే మీకు పనికొస్తుంది?"

3. గడులు గీయండి, ఐదుకు మించకుండా

తేదీ కాకుండా నాలుగైదు గడులు: ముఖ్యమైన బాధ ఎంత, చేయగలిగిన పని, కొలిచిన అంకె, గోలీలు, వేరే సంగతి.

బాధను 0 నుంచి 10 వరకు అంకెలో వేయండి. 0 అంటే అసలు లేదు, 10 అంటే మీ జన్మలో పడిన అతి పెద్ద నొప్పి. ఇక్కడ అందరూ తడబడతారు. నిన్న 7 వేసిన నొప్పికి ఇవాళ 5 వేస్తారు. అందుకే మీ బతుకులోంచే గుర్తులు పెట్టుకుని మొదటి పేజీ వెనక రాసుకోండి. ఉదాహరణకు: 3 అంటే నొప్పి ఉంది కానీ పనిలో పడితే మరిచిపోతా, 5 అంటే పని చేస్తా కానీ మనసు దాని మీదే ఉంటది, 7 అంటే పని ఆపి కూసుంటా, 9 అంటే ఏడుపొస్తది, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు. ఈ గుర్తులు ఎవరివి వాళ్లవే. పక్కింటివాళ్ల 5తో మీ 5ను పోల్చకండి.

అంకె పక్కన ఎక్కడ, ఎట్లా అన్నది ఒక్క మాట. పోటు, సలుపు, గుంజుడు, మంట, తిమ్మిరి, పట్టేసినట్టు: మన దగ్గర ఇన్ని మాటలున్నాయి, వాడుకోండి. షుగరున్న మనిషి అరికాళ్లలో "మంట, తిమ్మిరి" అంటే డాక్టరు నరాల వైపు చూస్తాడు. పిక్కలు నడిస్తే గుంజి, నిలబడితే తగ్గితే రక్తనాళాల వైపు చూస్తాడు. "కాళ్ల నొప్పులు" అని మాత్రమే రాస్తే రెండూ ఒకటే అయిపోతాయి.

అన్నిటికంటే విలువైన గడి "చేయగలిగిన పని". నొప్పి అంకె మనసును బట్టి ఊగుతుంది, పని అంత తొందరగా ఊగదు. మీరు రోజూ చేసే పని ఒకటి ఎంచుకోండి. కీళ్లవాతానికి జొన్నరొట్టెను మించిన పరీక్ష నాకు కనపడలేదు. పిండి పిసకడానికి పిడికిలి బిగియాలి, రొట్టె కొట్టడానికి మణికట్టు, వేళ్లు సాగాలి, పెనం మీదికి వేయడానికి రెండు చేతులూ కలిసి రావాలి. "రొట్టెలు 4 చేసిన", "రెండు చేసి ఆపిన", "చేయలే, కోడలు చేసింది" అని రాస్తే చేతుల పరిస్థితి కళ్లకు కట్టినట్టుంటుంది. ఆయాసం ఉన్నవాళ్లు భద్రకాళి చెరువు కట్ట మీద ఎంతదూరం ఆగకుండా నడిచారో రాయొచ్చు. మోకాళ్ల నొప్పులవాళ్లు పీట మీది నుంచి చెయ్యి ఆసరా లేకుండా లేవగలిగారా అన్నది రాయొచ్చు. పల్లెల్లో అయితే బోరింగు కొట్టడం, గడ్డిమోపు ఎత్తుకోవడం.

4. వేళ ఖరారు చేసుకోండి

రాత్రి గోలీలు వేసుకునే వేళకు ముడిపెట్టడం చాలామందికి కుదురుతుంది. గోలీల డబ్బా కిందే పుస్తకం పెట్టండి. కీళ్లవాతం వాళ్లు మాత్రం పొద్దునది పొద్దునే రాయాలి: ఎన్ని గంటలకు లేచారు, వేళ్లు ఎన్ని గంటలకు వదులయ్యాయి. ఈ పట్టేసుకుపోవడం గంటకు పైగా ఉంటుందా, పది పదిహేను నిమిషాల్లో పోతుందా అన్నది డాక్టరు తప్పక అడిగే ప్రశ్న. అరుగుదల వల్ల వచ్చే కీళ్ల నొప్పుల్లో సాధారణంగా అరగంట లోపే వదులవుతుంది.

ఒక రోజు రాత ఇట్లా ఉంటే చాలు:

"మంగళవారం. లేచింది 5:30, వేళ్లు వదులైంది 6:40. నొప్పి 6, కుడి మణికట్టు, మధ్య వేళ్లు, సలుపు. రొట్టెలు చేయలే. గోలీలు పొద్దునవి వేసిన, రాత్రివి మరిచిన. అదనంగా నొప్పి గోలీ 1, మధ్యాహ్నం 2కి. నిన్న పొద్దంత పత్తి ఏరినం."

ఏ భాషలో, ఏ యాసలో రాసినా ఫర్వాలేదు. మీ పుస్తకం అది.

5. కొలిచే పద్ధతి సరిగా ఉండాలి

తప్పుడు అంకె రాయడం కంటే గడి ఖాళీగా వదిలేయడం మేలు. ఎక్కువమంది పొరపాటు పడేది ఈ అడుగులోనే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

బీపీ: కొలవడానికి అరగంట ముందు నుంచి చాయ్, బీడీ, సిగరెట్, జర్దా వద్దు. ఒంటికి పోయి రండి. మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కాకుండా, వీపు ఆనే కుర్చీలో, పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చోండి. కాలు మీద కాలు వద్దు. 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ ఒట్టి చేతికి కట్టాలి, జాకెట్టు మీద, చొక్కా మీద కాదు. కొలిచేటప్పుడు మాట్లాడొద్దు, టీవీ ఆపండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. పొద్దున గోలీ వేసుకోకముందు, టిఫిన్ తినకముందు ఒకసారి. రాత్రి పడుకునే ముందు ఒకసారి. దవాఖానకు పోయే ముందు వరుసగా 7 రోజులు ఇలా చేసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు కడితే డాక్టరు అడిగేది అదే. ఇంట్లో కొలిచిన సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. మీకు ఎంతవరకు ఉండొచ్చో మీ డాక్టరు చెప్పినదే ప్రమాణం. చెయ్యి లావుగా ఉండి పట్టీ బిగుతుగా పడితే లేని బీపీ కనబడుతుంది, పెద్ద పట్టీ అడిగి తెచ్చుకోండి.

షుగరు: చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. మామిడిపండు తిన్న వేలికో, బెల్లం ముట్టిన వేలికో గుచ్చితే అంకె ఎగిరిపోతుంది. వేలు కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. తిన్న తర్వాతి రెండు గంటలను మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టాలి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించండి, గడువు తేదీ చూడండి. చాలా స్ట్రిప్పులను 30 డిగ్రీల లోపు ఉంచమని డబ్బా మీదే ఉంటుంది. మే నెలలో మన రేకుల ఇళ్లలో అది అయ్యే పని కాదు, కాబట్టి కనీసం ఇంట్లో అన్నిటికంటే చల్లని మూలన, ఎండ తగలకుండా పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మకు పాడవుతాయి.

అంకె 70 కంటే తక్కువ వస్తే రాయడం తర్వాత. ముందు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ తాగండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. ఆ తర్వాత అంతకుముందు ఏం తిన్నారో, ఏ గోలీ లేదా ఇన్సులిన్ ఎంత వేసుకున్నారో రాయండి.

బరువు (గుండె, కిడ్నీ సమస్యలవాళ్లు): పొద్దున ఒంటికి పోయొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో, ఒకే గచ్చు మీద. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, ఒంట్లో నీరు చేరుతోంది. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

జ్వరం: నుదుటి మీద చెయ్యి పెట్టి "కాలుతుంది" అని రాస్తే లాభం లేదు. థర్మామీటరు అంకె రాయండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు 100.4 దాటితే డాక్టరుకు చెప్పాలి.

ఆస్తమా: పీక్ ఫ్లో నిలబడి మూడుసార్లు ఊది, మూడింటిలో పెద్ద అంకె రాయండి. మీటరు లేకపోయినా రెండు సంగతులు చాలు: రాత్రి దగ్గుతో, దమ్ముతో లేచారా, ఇబ్బంది వచ్చినప్పుడు కొట్టే పంపు ఎన్నిసార్లు వాడారు.

ఫిట్స్: పడిన మనిషి రాయలేడు, చూసినవాళ్లే రాయాలి. ఎంతసేపు, ఏ పక్క మొదలైంది, కళ్లు ఎటు తిరిగాయి. దగ్గర ఇంకో మనిషి ఉంటే ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరుకు ఆ వీడియో పది పేజీల రాతతో సమానం.

6. గోలీల గడిలో నిజమే రాయండి

వేసుకుంటే టిక్కు, మరిస్తే సున్నా. అదనంగా మింగిన ప్రతి గోలీ, వేయించుకున్న ప్రతి సూది కూడా ఇక్కడికే రావాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పులకు సూది వేయించుకుంటే ఏ మందో అడిగి రాసుకోండి, ఖాళీ సీసా ఫొటో తీసుకోండి. స్టెరాయిడ్ సూది అయితే నాలుగు రోజులు దేవుడు వరమిచ్చినట్టే ఉంటుంది, షుగరు మాత్రం ఆకాశానికంటుతుంది. పుస్తకంలో సూది సంగతి లేకపోతే డాక్టరు ఆ షుగరును చూసి ఇన్సులిన్ పెంచుతాడు. పసర్లు, చూర్ణాలు, ఆయుర్వేదం, హోమియో కూడా రాయండి. తిడతారని దాచకండి.

తలనొప్పి వాళ్లు నొప్పి గోలీ వేసుకున్న రోజులను నెల చివర లెక్కపెట్టండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి గోలీలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ ప్రత్యేక గోలీలు లేదా రెండు మూడు మందులు కలిసిన గోలీలు నెలకు 10 రోజులు వేసుకుంటూ మూడు నెలలు దాటితే, ఆ గోలీలే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి. అప్పుడు పుస్తకంలో కనబడేది ఒకటే: గోలీల రోజులు పెరుగుతున్నకొద్దీ నొప్పి రోజులూ పెరుగుతుంటాయి. షుగరు, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు నొప్పి గోలీలను ఇంకా జాగ్రత్తగా లెక్కపెట్టాలి. వాటిలో చాలావి కిడ్నీల మీద పడతాయి.

7. "వేరే సంగతి" గడి

రోజూ నింపక్కర్లేదు. మామూలుగా లేని రోజున మాత్రమే. నిద్ర లేకపోవడం, పెళ్లి భోజనం, ఒక్కపొద్దు, రోజా, బహిష్టు, ప్రయాణం, మనసుకు కష్టం. మన వైపు మరిచిపోకూడనివి ఇంకొన్ని ఉన్నాయి: పత్తి మీద మందు కొట్టిన రోజు, మిర్చి ఏరిన రోజు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో పోయిన రోజు, వడ్ల కోతల దుమ్ము. దమ్ము ఉన్నవాళ్లకు ఈ నాలుగు రోజులే ఏడాదంతటి లెక్క తేలుస్తాయి. బతుకమ్మ రోజుల్లో తొమ్మిది దినాలూ ఆడినవాళ్ల మోకాళ్ల అంకెలు, సకినాలు చేసిన సంక్రాంతి వారంలో వేళ్ల అంకెలు పెరిగితే రోగం ముదిరిందని కంగారుపడకుండా ఈ గడే కాపాడుతుంది. మేడారం పోతే గోలీలతో పాటు పుస్తకం కూడా సంచిలో పెట్టుకోండి.

8. వారానికోసారి చూడండి, తీర్పు మాత్రం తొందరగా చెప్పకండి

ఆదివారం పది నిమిషాలు చాలు. ఆ వారంలో అన్నిటికంటే చెడ్డ రోజుకు సున్నా చుట్టండి, మరిచిన గోలీలు లెక్కపెట్టండి. అంతే.

"వంకాయ తిన్న, కీళ్లు పట్టేసినయ్. ఇగ వంకాయ బంద్." ఇది ఇంటింటా వినబడే మాట. నిజమా కాదా పుస్తకంతోనే తేల్చవచ్చు. నాలుగు లెక్కలు కావాలి: వంకాయ తిన్నాక నొప్పి పెరిగిన రోజులెన్ని, తిన్నా పెరగని రోజులెన్ని, తినకపోయినా పెరిగిన రోజులెన్ని, తినకుండా పెరగని రోజులెన్ని. మనకు మొదటిది మాత్రమే గుర్తుంటుంది. నెల రోజులు రాసి చూస్తే చాలామందికి మూడో లెక్క పెద్దదిగా తేలుతుంది, వంకాయకు బెయిలొస్తుంది. నిజంగానే తేడా కనిపిస్తే రెండు వారాలు మానేసి, మళ్లీ తిని చూడండి. ఆ రెండు వారాల్లో ఇంకేదీ మార్చొద్దు. కొత్త గోలీ, కొత్త నూనె, కొత్త నడక ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో చిక్కుంది. నొప్పి 9కి చేరినప్పుడే మనం పసరుకో, తాయెత్తుకో పోతాం. కీళ్లవాతం లాంటి రోగాలు తమంతట తామే ఎక్కి దిగుతుంటాయి, 9కి ఎక్కింది ఎలాగూ 6కి దిగుతుంది. ఆ పేరు పసరుకు పోతుంది. అంతకుముందు పసరు లేకుండా ఎన్నిసార్లు 9 నుంచి 6కి దిగిందో పుస్తకంలో వెనక్కి తిప్పి చూడండి.

పుస్తకం చూసి గోలీ డోసు మీరే పెంచడం, తగ్గించడం, ఆపడం చేయకండి. ఫిట్స్ మందులు, స్టెరాయిడ్ గోలీలు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

9. రాయలేనివాళ్లకు

చదువురాని అమ్మమ్మలు, చూపు తగ్గిన తాతలు, వేళ్లు వంగనివాళ్లు ఉంటారు. మూడు దారులు చెబుతాను. క్యాలెండరులో రంగు పెన్సిల్ గుర్తులు: బాగున్న రోజు పచ్చ, ఓర్చుకోగలిగిన రోజు పసుపు, మంచం పట్టిన రోజు ఎరుపు. రెండోది చింతగింజలు: ఒక డబ్బాలో అదనంగా నొప్పి గోలీ వేసుకున్న ప్రతిసారీ ఒక గింజ వేయాలి, నెలాఖరుకు లెక్కపెట్టాలి. మూడోది వాట్సాప్‌లో కొడుక్కో కూతురికో రోజూ ఒక వాయిస్ మెసేజ్: "ఇయ్యాల ఆరు. లేవలేకపోయిన." వాళ్లు అదే రాత్రి పుస్తకంలో ఎక్కించాలి.

ఇంకొకరు రాసేటప్పుడు అంకె మాత్రం రోగి చెప్పినదే వేయాలి. "అమ్మా, గంత లేదులే, నాలుగేస్త" అని కొడుకు వేస్తే అది కొడుకు నొప్పి అవుతుంది. పక్కన మీకు కనబడింది విడిగా రాయొచ్చు: "అన్నం సగమే తిన్నది."

తరచూ జరిగే తప్పులు

చెడ్డ రోజులే రాయడం. ఇది అన్నిటికంటే పెద్దది. బాగున్న రోజు కూడా "2, రొట్టెలు 6, గోలీలు అన్నీ" అని రాయాలి. లేకపోతే ఖాళీ గడి బాగున్న రోజుదో, మరిచిన రోజుదో, రాయలేనంత బాధ ఉన్న రోజుదో తెలియదు.

దవాఖానకు పోయే ముందు రాత్రి కూర్చుని నెలంతా నింపేయడం. ఒకే సిరా, ఒకే రాత, అన్నీ 5, 6, 5, 6. డాక్టర్లు చూడగానే పట్టేస్తారు. మరిచిపోతే మరిచిపోయారు, గడి మీద అడ్డగీత కొట్టి ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

రోగం పేరు రాయడం. "గ్యాస్" అని రాస్తే ఛాతీలో మంటో, పొట్ట ఉబ్బరమో, ఎడమ రెక్కలోకి పాకిన నొప్పో ఎవరికి తెలుస్తుంది? గుండెపోటును గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్లున్నారు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నదే రాయండి.

భయంతో రోజుకు పదిసార్లు బీపీ చూడడం. చూసినకొద్దీ పెరుగుతుంది. మీకు ఇలా అవుతుంటే మిషను బీరువాలో పెట్టి, డాక్టరు చెప్పిన రోజులకే బయటికి తీయండి. రోగం అదుపులో ఉండి, మందులు మారకుండా నడుస్తుంటే రోజూ రాయడం కూడా ఆపి వారానికి ఒకసారికి తగ్గించుకోవచ్చు.

సరిగా రాస్తున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది?

పుస్తకాన్ని ఇంట్లో ఇంకొకరికిచ్చి రెండు ప్రశ్నలు అడగండి: "పోయిన వారం నాకు అన్నిటికంటే కష్టమైన రోజు ఏది? ఎన్ని గోలీలు మరిచిన?" నిమిషంలో చెప్పగలిగితే పుస్తకం బాగుంది. వెతుక్కుంటుంటే గడులు తగ్గించండి.

మిషన్లను కూడా పరీక్షించాలి. బీపీ మిషనును దవాఖానకు తీసుకుపోయి, అక్కడ చూసిన వెంటనే మీ దాంతో చూడండి. గ్లూకోమీటరును ల్యాబులో పరగడుపున రక్తం ఇచ్చిన నిమిషాల్లోనే వేలికి గుచ్చి పోల్చండి. ల్యాబు అంకె 100 పైన ఉంటే 15 శాతం వరకు, 100 లోపు ఉంటే 15 పాయింట్ల వరకు తేడా ఉండొచ్చు. ల్యాబులో 160 ఉంటే మీటరులో 136 నుంచి 184 మధ్య ఏదొచ్చినా మీటరును తిట్టకండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల షుగరు సగటును చెబుతుంది. పుస్తకంలో అన్నీ 110, 120 ఉండి ఆ పరీక్ష 9 చూపిస్తే, పొద్దున మాత్రమే చూసుకుంటూ ఉండొచ్చు. తిన్న తర్వాత కూడా చూడండి.

10. డాక్టరుకు ఒక్క పేజీ

పోయే ముందు రోజు, నిదానంగా. పుస్తకం వెంట తీసుకుపోండి కానీ చేతికిచ్చేది ఈ పేజీనే. ఇట్లా ఉండాలి:

"వయసు 52, కీళ్లవాతం 2019 నుంచి, షుగరు ఉంది.
పోయినసారి తర్వాత 30 రోజులు. నొప్పి 5 దాటిన రోజులు 11, అంతకుముందు నెల 19.
పొద్దున వేళ్లు పట్టేయడం: మొదట్లో గంటన్నర, ఇప్పుడు 40 నిమిషాలు.
రొట్టెలు: వారానికి నాలుగు రోజులు చేయగలుగుతున్న.
మరిచిన గోలీలు: వారం గోలీ ఒకసారి. అదనంగా నొప్పి గోలీలు 8, ఊళ్లో సూది 1.
పరగడుపు షుగరు 118 నుంచి 164, సూది తర్వాత మూడు రోజులు 240 పైన.
అడగాల్సినవి: 1. వారం గోలీ వేసిన మర్నాడు వికారం, ఏం చేయాలి? 2. కంటి పరీక్ష ఎప్పుడు?"

ప్రశ్నలు రెండు, మహా అయితే మూడు. అందరికంటే ముఖ్యమైనది పైన. హైదరాబాద్ నిమ్స్‌కో మరో పెద్దాసుపత్రికో పోతుంటే ఇంకో కాపీ జిరాక్స్ తీయించుకోండి. కాజీపేటలో రైలెక్కాక గుర్తొస్తే చేసేదేం ఉండదు.

11. దవాఖాన నుంచి వచ్చిన రాత్రి

పడుకోకముందే రాయండి: ఏ గోలీ మారింది, ఎంత, ఎప్పటి నుంచి, ఏది ఆపమన్నారు, ఏ పరీక్షలు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. మొదటి పేజీ జాబితాలో ఆపేసిన గోలీని అడ్డంగా కొట్టి పక్కన తేదీ వేయండి, చెరిపేయకండి. ఆపేసిన గోలీల పట్టీలు ఇంట్లో మిగిలి ఉంటే వేరే కవర్లో కట్టి దూరంగా పెట్టండి. మందు మార్చాక మొదటి రెండు వారాలు ఒక్క రోజు కూడా వదలకుండా రాయండి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు పచ్చబడటం, పాదాల వాపు, ఆగని పొడిదగ్గు లాంటివి కొత్తగా కనిపిస్తే తేదీతో సహా రాసి, తర్వాతి తేదీ కోసం చూడకుండా డాక్టరుకు చెప్పండి.